మొరాకో సార్డీన్లు: వెన్నుముల్లు తీయాల్సిందేనా?

జదీదా కోడలు (ఆదివారం రాత్రి)

మా ఇంట్లో నిన్నటి నుంచి ఒక తగువు నడుస్తోంది. మీరే తీర్పు చెప్పండి.

మేం మొరాకోలో ఉంటున్నాం. కాసాబ్లాంకాకి దక్షిణంగా సముద్రం ఒడ్డున ఎల్ జదీదా అని ఒక ఊరు. మా ఆయన పక్కనే జోర్ఫ్ లాస్ఫర్‌లో ఫాస్ఫేటు ప్లాంటులో ఇంజనీరు. ఇక్కడ సామాన్యుడి చేప అంటే సార్డీనే. మన కవళ్లకి దగ్గరి చుట్టం. దాన్ని ఎలా వండాలో నాకు పక్కింటి పెద్దావిడ నేర్పింది.

ఆవిడ పద్ధతి చెప్తాను. నీళ్లలో వేసి బొటనవేలితో రుద్దితే పొలుసు ఊడిపోతుంది. తలని కిందకి విరిచి లాగితే పేగులు దాంతోపాటే వచ్చేస్తాయి. పొట్ట తెరిచి, వెన్నుముల్లు కిందకి బొటనవేలు దూర్చి తోక దాకా జరిపి, తోక దగ్గర ముల్లు తుంచేస్తుంది. చేప అరచేతిలో తమలపాకులా పరుచుకుంటుంది. కత్తి ముట్టుకోదు. ఇలా విప్పిన ఒక చేప లోపలివైపు చర్మూలా దట్టంగా పట్టించి, దాని మీద ఇంకో చేపని బోర్లిస్తుంది. చర్మాలు బయటికి, మాంసాలు లోపలికి. జంటని గోధుమపిండిలో దొర్లించి నూనెలో వేయిస్తుంది. దీన్ని ఇక్కడ ‘సర్దీన్ మ్‌జవ్వజ్’ అంటారు. అంటే పెళ్లయిన సార్డీన్లు!

చర్మూలా తెలియనివాళ్లకి: కిలో చేపలకి ఒక పెద్ద కట్ట కొత్తిమీర, అందులో సగం పార్స్‌లీ, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల జీలకర్రపొడి, రెండు చెంచాల తీపి మిరపపొడి (ఇక్కడ తహ్మీరా అంటారు, రంగే గానీ ఘాటుండదు), ఉప్పు, నిమ్మరసం, కాస్త ఆలివ్ నూనె. కారం చిటికెడు. పెద్దావిడ ఇత్తడి రోట్లో వెల్లుల్లీ ఉప్పూ నూరి, ఆకులు మాత్రం కత్తితో తరిగి కలుపుతుంది.

ఇక తగువు. మా ఆయన కాకినాడ మనిషి. “కిలో చేపలకి ముప్పావుగంట ముల్లు తీస్తూ కూర్చుంటావా? మా అమ్మ ఏనాడైనా కవళ్లకి ముల్లు తీసిందా? గాట్లు పెట్టి అదే మసాలా పట్టించి వేయించెయ్” అంటారు. అలా చేస్తే అది మొరాకో వంట కాదు, మసాలా మార్చిన మన వేపుడే అని నా వాదన. మీరేమంటారు?

బందరు బాబాయి

అమ్మాయ్, నేను మీ ఆయన పక్షం. పచ్చిచేపకి ముల్లు పీకడమంటే పచ్చి వేరుశనగ గుళ్లకి పొట్టు వలవడం లాంటిది. వేయించాక నలిపితే దానంతటదే రాలే దానికి గోళ్లు అరగదీసుకోవడం దేనికి? వేగిన కవ్వకి పై మాంసం తినేసి తోక పట్టి ఎత్తితే ముల్లు మొత్తం దువ్వెనలా లేచొస్తుంది. సన్నముళ్లు నమిలేయడమే. రుచంతా ముల్లుని అంటిపెట్టుకున్న చోటే ఉంటుంది, అది తెలియకపోతే చేప తినడం తెలియనట్టే.

కవళ్లని కవలల్ని చేసి పెళ్లి చేశారన్నమాట. బాగానే ఉంది గానీ, ఎదురుకట్నం మన ముప్పావుగంట!

అగాదీర్ పాత కాపు

జదీదా గారూ, నేను ఆరేళ్లు అగాదీర్‌లో ఉన్నాను. మీ వాదనలో ఒక్క ముక్క ఒప్పుకోలేను. “ముల్లు ఉంటే మొరాకో వంట కాదు” అన్నారే, అది.

ఎస్సావిరా రేవుకి వెళ్లండి. నీలం పడవలు, నెత్తిమీద సీగల్ పక్షుల గోల, వరసగా బొగ్గుల పొయ్యిలు. సార్డీన్లని పొలుసు కూడా తీయకుండా, రాళ్లుప్పు చల్లి, ఇనుప జాలీలో బిగించి నిప్పుల మీద పెడతారు. చర్మూలా లేదు, పిండి లేదు. పొలుసూ చర్మమూ కలిసి కవచంలా పనిచేస్తాయి. మాంసం అంటుకోదు, ఎండిపోదు. తినేటప్పుడు ఆ తోలు ఒలిచి పక్కన పెట్టి, రొట్టె ముక్కతో మాంసం అందుకోవడమే. పక్కన టమాటా ఉల్లిపాయ తరుగు, నిమ్మచెక్క. అది మొరాకో కాదంటే అక్కడి జాలర్లు నవ్విపోతారు.

ఇళ్లలో కూడా తల తీసేసి, ముల్లు ఉంచి, పొట్టలో చర్మూలా కూరి వేయించేవాళ్లు ఉన్నారు. కాబట్టి ఇది మొరాకోకీ కాకినాడకీ మధ్య తగువు కాదు. ఏ పొయ్యికి ఏ పద్ధతి అన్నదే ప్రశ్న. బొగ్గుల మీదికైతే ముల్లు ఉండాలి, లేకపోతే చేప జాలీలోంచి తునకలై రాలుతుంది. నూనెలోకైతే ఎవరిష్టం వాళ్లది.

జదీదా కోడలు

సరేనండీ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నూనెలోకైతే ఎవరిష్టం వాళ్లది అన్నారు చూడండి, అక్కడ మాత్రం తగ్గను.

ఇవాళ మధ్యాహ్నం రెండు రకాలూ చేసి చూశాను. మా ఆయన పద్ధతిలో చేపకి గాట్లు పెట్టి పైన చర్మూలా పట్టించి పిండి అద్దాను. నూనెలో వేసిన అర నిమిషానికే పైనున్న కొత్తిమీర నల్లబడింది, వెల్లుల్లి మాడి చేదొచ్చింది, తడికి నూనె చిటపటలాడి నా మోచెయ్యి కాలింది. మూడో వాయికి నూనె అడుగున నల్లటి మడ్డి. జంటగా చేసినవాటిలో ఆకు లోపలే ఉంది కదా, రెండు చేపల మధ్య ఆవిరి మీద ఉడికింది. విరిచి చూస్తే లోపల ఇంకా పచ్చగానే ఉంది. కొత్తిమీర వాసన అలాగే నిలిచింది. చేప కొవ్వు చర్మూలాలోకి దిగి తడి ముద్దలా అయింది. నేను అడిగేది ఈ తేడా గురించే. ముల్లు తీసేది గొంతులో గుచ్చుకుంటుందని కాదు, ఆకుని లోపల దాచడానికి చోటు కోసం.

బందరు బాబాయి

అది పాయింటే. గాట్లలో ఆకు పెట్టడం తప్పు, ఒప్పుకుంటాను. మేం గాట్లలో పెట్టేది కారం, పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి. ఆకు ఉండదు గనక మాడదు. మీ ఆయన మీ మసాలాకి మా పద్ధతి అతికించారు, అక్కడ బెడిసింది.

అయినా అగాదీర్ గారు చెప్పిన మూడో దారి ఉందిగా. పొట్టలో కూరండి. ఆకూ లోపలే, ముల్లూ లోపలే!

అగాదీర్ పాత కాపు

కూరొచ్చు బాబాయ్ గారూ, కానీ సార్డీన్ పొట్టలో ఎంత పడుతుంది, అర చెంచా. జంటలో రెండు చెంచాలు సులువుగా పడుతుంది. మ్‌జవ్వజ్ రుచి ఆ మోతాదులోనే ఉంది. ఈ విషయంలో జదీదా గారికే నా ఓటు.

చేపల మేష్టారు

ఫిషరీస్ పాఠాలు చెప్పుకునేవాడిని, ఒక్క ముక్క. మీరంతా పొయ్యి గురించే మాట్లాడుతున్నారు. నెల గురించి ఎవరూ మాట్లాడలేదు.

మొరాకో తీరంలో అడుగునున్న చల్లటి నీళ్లు పైకి ఉబికి వస్తుంటాయి. వాటితో పాటు పోషకాలు, వాటితో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు), దాని మీద బతికే సార్డీన్లు. డబ్బా సార్డీన్ల ఎగుమతిలో ఆ దేశానిదే ప్రపంచంలో మొదటి స్థానం. కానీ అదే చేపలో కొవ్వు ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. అక్కడ సార్డీన్ ప్రధానంగా చలికాలంలో గుడ్లు పెడుతుంది, ఒంట్లో కొవ్వంతా అప్పుడు దానికే ఖర్చయిపోతుంది. ఎండాకాలంలో మళ్లీ బలుస్తుంది. బొగ్గుల మీద కాల్చడం వేసవి చేపకి నప్పుతుంది, కారిన కొవ్వుతోనే అది తడిగా ఉంటుంది. బక్కచిక్కిన చలికాలం చేపని నిప్పుల మీద పెడితే అట్టముక్కే. దానికి చర్మూలా, ఆలివ్ నూనె, పిండిపూత అన్నీ కావాలి. జదీదా గారూ, మీ పెద్దావిడని అడిగి చూడండి, ఏడాదంతా ఒకేలా వండుతారా అని.

మన నూనె కవళ్లది వేరే జాతి, దీనికి క్యాలెండరు కూడా వేరు. గుడ్లు పెట్టేది వానాకాలంలో. కొవ్వు పట్టేది ఆ తర్వాత, అక్టోబరు నుంచి. ఈ వంట ఇక్కడ చేయాలనుకునేవాళ్లు ఆ నెలల్లో చేయండి.

రామ్‌నగర్ ఆదివారం

మేష్టారూ, మీ పోస్టు మొన్ననే పడి ఉంటే నా డబ్బులు మిగిలేవి. హైదరాబాదులో రామ్‌నగర్ మార్కెట్ నుంచి కిలో మత్తి తెచ్చా (మన కవళ్లే, ఇక్కడ కేరళ పేరే చెలామణి). ఇంటికొచ్చి జదీదా గారు చెప్పినట్టు బొటనవేలు దూర్చానా, ముల్లుతో పాటు సగం మాంసం ఊడొచ్చింది. ఆరు చేపలయ్యాక చేతిలో ఉన్నది చేపో ఉప్మానో తెలియలేదు. మిగిలినవన్నీ మెత్తగా నలిపి, చర్మూలా కలిపి, ఉండలు చేసి టమాటా రసంలో ఉడికించేశా. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. తప్పిపోయిన వంటని మెచ్చుకుంటే ఎంత ఇబ్బందో మీకు తెలియనిదా.

పార్స్‌లీ దొరకలేదు, కొత్తిమీరే వేశా. కాస్త అల్లం, చెంచా గరం మసాలా, రెండు రెమ్మలు కరివేపాకు కూడా. చర్మూలా అనొచ్చా దీన్ని?

అగాదీర్ పాత కాపు

మీరు తప్పిందనుకున్నది కూడా మొరాకో వంటే! సార్డీన్ కెఫ్తా అంటారు. ముల్లు తీసిన చేపని నలిపి ఉండలు చేసి టమాటాలో ఉడికించి, రొట్టెతో తింటారు. మీకు తెలియకుండానే సరైన దారిలో పడ్డారు.

గరం మసాలా వేశాక మాత్రం దాన్ని చర్మూలా అనకండి. అల్లం సంగతి వదిలేయొచ్చు, లవంగం దాల్చినచెక్క వాసన పడ్డాక కొత్తిమీర గొంతు వినపడదు.

బందరు బాబాయి

ఏమిటండీ ఈ మడి? జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీర, మిరప, నిమ్మకాయ. ఇందులో మనది కానిదేముంది? పేరొక్కటే కొత్త.

జదీదా కోడలు

సరుకులు మనవే బాబాయ్ గారూ, పాళ్లు మనవి కావు. మన వేపుడులో కారం యజమాని, కొత్తిమీర చివర్లో పైన చల్లే అతిథి. ఇక్కడ ఆకే యజమాని. గిన్నెలో సగానికి పైగా ఆకే. మొదటిసారి పెద్దావిడ చూడకుండా రెండు చెంచాల గుంటూరు కారం ఎక్కువ వేశాను. ఆవిడ ఒక ముక్క తిని, ఏమీ అనకుండా మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపింది.

చేపల మేష్టారు

రామ్‌నగర్ గారి చేప సంగతి. ముల్లుతో పాటు మాంసం ఊడొచ్చిందంటే వేలి తప్పు కాదు, చేప పాతది. తాజా సార్డీన్ చేతిలో పట్టుకుంటే వంగదు, కన్ను ఉబ్బి ఉంటుంది, పొట్ట గట్టిగా ఉంటుంది. పొట్ట పగిలిందంటే కొనకండి. ఈ జాతి చేపలు ఐసు లేకుండా ఉంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం తయారవుతుంది. అది ఎంత వేయించినా పోదు, నిమ్మరసానికీ లొంగదు. తినగానే నాలుక చురుక్కుమని, ముఖం ఎర్రబడి, తలనొప్పి వస్తే కారం ఎక్కువైందనుకోకండి. ఆ లెక్కన మీ ముల్లు పరీక్ష మంచిదే. ముల్లు శుభ్రంగా ఊడొచ్చే చేపకే మ్‌జవ్వజ్. లేకపోతే వెనక్కి ఇచ్చేయడమే, కెఫ్తా కూడా వద్దు.

రామ్‌నగర్ ఆదివారం

అయ్యో. అందరూ బాగానే ఉన్నారు లెండి. ఇప్పుడు టెన్షన్ పెట్టారు.

డాలస్ డాబా

అపార్ట్‌మెంట్లో చేప వేయిస్తే పొగ అలారం మోగుతుంది, తర్వాత మూడు రోజులు కర్టెన్లకి వాసన. అందుకే నేను ఓవెన్ మనిషిని. ముల్లు తీసి విప్పిన చేపల్ని టమాటా చక్రాల మీద ఒకే వరసగా పరిచి, పైన చర్మూలా పూసి, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర పావుగంట. ఆకు మాడదు, పిండి అక్కర్లేదు. ఫ్రోజెన్ సార్డీన్లతో కూడా పర్వాలేదు. ఎవరూ ఓవెన్ ఊసెత్తలేదు గనక చెప్పా.

జదీదా కోడలు (మరుసటి ఆదివారం)

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. మేష్టారు చెప్పినట్టు పెద్దావిడని అడిగాను. నవ్వింది. వేసవిలో ఈ చేపని ఎవరైనా నూనెలో పాడుచేస్తారా, మేడ మీద కాలుస్తాం అంది. మేం ఇక్కడ దిగింది ఫిబ్రవరిలో కాబట్టి నాకు చలికాలం వంట నేర్పిందన్నమాట! వేసవి వస్తే నేను పుట్టింటికి విశాఖ వెళ్లిపోతాను. మేడ మీద కాల్చేది ఎప్పుడూ చూడలేదు.

నిన్న మా మామగారు కాకినాడ నుంచి వచ్చారు. కంటి ఆపరేషనై నెలైంది, ముళ్లు సరిగా కనపడవని ఈ మధ్య చేపలే మానేశారట. ఆ సంగతి మా ఆయనకి కూడా తెలియదు. నాలుగు జంటలు వడ్డించాను. మొదటిది తినేటప్పుడు అలవాటుగా వేళ్లతో తడుముకుంటూ తిన్నారు. రెండోది తడుముకోలేదు. మూడోది అయ్యాక, “ఈ చేపకి ముల్లెక్కడ పెట్టావమ్మా?” అన్నారు.

మా ఆయన ఏమీ మాట్లాడలేదు. ఇవాళ పొద్దున్న రేవుకెళ్లి రెండు కిలోలు తెచ్చి, సింకు దగ్గర నుంచుని తనే బొటనవేలు దూర్చారు. మొదటి ఐదూ మెట్ల మీద పిల్లులకి పోయాయి. ఆరోది బాగానే వచ్చింది.