వీడియో పర్యవేక్షణలో ట్రైనీ చెప్పకుండా దాటవేసేది తెలిసేదెలా?

ప్రశ్న:
సైకోథెరపీలో (మాటల ద్వారా చేసే మానసిక చికిత్సలో) శిక్షణ పొందుతున్న నలుగురికి ఏడాదిగా వీడియో ద్వారానే పర్యవేక్షణ ఇస్తున్నాను, అంటే వారు చూస్తున్న కేసుల గురించి వారితో మాట్లాడి దారి చూపుతున్నాను. తెర మీద వారు కేసును ఎంతో క్రమంగా వివరిస్తారు. ఆ క్రమమే నన్ను కలవరపెడుతోంది. ఒకే గదిలో కూర్చున్న రోజుల్లో, ట్రైనీ కుర్చీలో అటూ ఇటూ సర్దుకున్నా, చూడనవసరం లేని కాగితాన్ని తిరగేసినా అక్కడే ఆగి అడిగేదాన్ని. ఇప్పుడు ఎదుటివారు మౌనంగా ఉంటే అది ఆలోచనో, సంకోచమో, నెట్ నిలిచిపోవడమో తేల్చుకోలేకపోతున్నాను. క్లయింటు తనపై కోపగించుకున్న సంగతిని ఒక ట్రైనీ మూడు వారాల తర్వాత గానీ నాకు చెప్పలేదు. లోపం దూరానిదా, నా పద్ధతిదా?

మొదటి సమాధానం:
దాచుకోవడం తెరతో పుట్టినది కాదండీ. ఎదురుగా కూర్చున్నా ట్రైనీ తనకు గుర్తున్నదే, చెప్పదలచుకున్నదే చెబుతాడు. అందుకే అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1940ల తొలినాళ్లలోనే చికిత్స సంభాషణలను రికార్డు చేసి శిక్షణలో వాడారు. 1960లలో మరో అమెరికన్ మనస్తత్వవేత్త నార్మన్ కేగన్ రూపొందించిన పద్ధతి మీకు మరింత పనికొస్తుంది. అందులో రికార్డింగును ఎక్కడ ఆపాలో నిర్ణయించేది ట్రైనీయే. ఆ క్షణంలో తనలో ఏం కదిలిందో, క్లయింటుకు చెప్పకుండా మింగేసిన మాట ఏమిటో తనే గుర్తు చేసుకుంటాడు, మీరు అడగడమే తప్ప తీర్పు చెప్పరు. స్క్రీన్ షేరింగులో దీన్ని తేలికగా చేయవచ్చు. నేనైతే ప్రతిసారీ అయిదు నిమిషాల భాగమే తెమ్మంటాను, అదీ తమకు వినిపించడానికి ఇబ్బందిగా ఉన్న భాగాన్ని.

రెండో సమాధానం:
పై సలహా మంచిదే గానీ, ఇంకా భయం పోని ట్రైనీకి రికార్డింగే పరీక్ష పత్రంలా అనిపించవచ్చు. పైగా దూరం ఈ రంగానికి కొత్త కాదు: 1909లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ ప్రచురించిన, గుర్రాలంటే భయపడే బాలుడు ‘చిన్నారి హాన్స్’ కేసు ప్రధానంగా ఆ బాలుడి తండ్రి పంపిన నివేదికల మీదే నడిచింది. ఇక ఆ మూడు వారాల మౌనం విషయానికొస్తే, చికిత్స గదిలోని సంబంధం పర్యవేక్షణలో ప్రతిఫలిస్తుందని అమెరికన్ మనోవిశ్లేషకుడు హెరాల్డ్ సెర్ల్స్ 1955లోనే రాశారు. క్లయింటు కోపానికి బెదిరిన ట్రైనీ, అదే బెదురుతో మీ ముందు కూర్చుని ఉండవచ్చు. కాబట్టి "ఎందుకు చెప్పలేదు?" అని కాక, "చెబితే నేనేమంటాననిపించింది?" అని అడిగి చూడండి. మౌనం సందేహంగా ఉంటే, వినబడుతోందా అని సూటిగా అడగడంలో నామోషీ ఏమీ లేదు. రెండు సమావేశాల మధ్య క్లయింటు ఆత్మహత్య మాట ఎత్తితే ఎవరికి ఫోన్ చేయాలో, మీరు దొరకకపోతే ఎవరు బాధ్యులో మాత్రం ముందే రాతపూర్వకంగా ఉండాలి. ఇందులో దూరాన్ని సాకుగా చూపలేము.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను ఏమంటాననే భయం అక్కడ ఉండి ఉంటుందని ఇంతవరకు నాకు తట్టనే లేదు. ఒక్క సందేహం: ట్రైనీకి నాతో మాత్రమే పంచుకునేందుకు సమ్మతి ఉన్న రికార్డింగును నలుగురి సమావేశంలో వినిపించవచ్చా?

మొదటి సమాధానమిచ్చినవారు:
కూడదు. ఎవరెవరు వింటారో, ఎక్కడ భద్రపరుస్తారో, ఎప్పుడు తుడిచేస్తారో చెప్పి క్లయింటు నుంచి మళ్లీ సమ్మతి తీసుకోవాలి; కాదంటే ఆ కేసు మీ ఇద్దరి మధ్యే ఉండాలి.