'పై' వంటకానికి పిట్ట పేరు పెట్టారా?

పదాలపేటిక:
మాంసమో పళ్లో పిండి పొరలో పెట్టి కాల్చే ఇంగ్లీషు వంటకం 'పై'. ఆ పేరు మాగ్‌పై అనే పిట్ట నుంచి వచ్చిందని చదివాను. ఆ పిట్ట దొరికినవన్నీ ఏరుకొచ్చి గూట్లో పెట్టుకుంటుందట, పైలో కూడా చేతికందినవన్నీ వేస్తారట, అందుకని. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. వినడానికి ఇంత చక్కగా కుదిరే కథలు తర్వాత అల్లినవే అయివుంటాయి. మీరేమంటారు?

పాతరొట్టె:
అంత తొందరగా కొట్టిపారేయకండి. ఆ పిట్ట అసలు పేరే 'పై'. లాటిన్‌లో పికా. ముందున్న 'మాగ్' మార్గరెట్ అనే ఆడపేరుకు ముద్దుపేరు, తర్వాత తగిలించారు. ఇంకో సంగతి. తరిగిన మాంసంతో చేసే చిన్న పైని పూర్వం చ్యూయెట్ అనేవారు. కాకి జాతిలో ఒక పిట్టకీ అదే పేరు. రెండుసార్లూ కాకతాళీయమేనా?

ప్రశ్నార్థకం:
ఏరుకొస్తుందన్న మాటే తప్పండి. 2014లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు మెరిసే వస్తువులు పెట్టి పరీక్షించారు. మాగ్‌పైలు వాటికి ఆశపడకపోగా బెదిరాయి.

పాతరొట్టె:
కావచ్చు. కానీ పేరు పెట్టినవాళ్లు నమ్మింది ముఖ్యం గానీ, పిట్ట నిజంగా ఏం చేస్తుందనేది కాదు కదా.

పదాలపేటిక:
అది ఒప్పుకుంటాను. నా ఇబ్బంది సాక్ష్యం గురించి. తప్పు ఒప్పుకుని తల వంచడాన్ని 'హంబుల్ పై తినడం' అంటారు కదా, దాని దారి చూడండి. జింక గుండె, కాలేయం, పేగుల్లాంటివాటిని 'నంబుల్స్' అనేవారు. మొదటి 'న' రాలిపోయి 'అంబుల్స్' అయింది, నాప్రన్ ఏప్రన్ అయినట్టే. 1663లో లండన్‌లో ఉండే శామ్యూల్ పీప్స్ అనే అధికారి తన డైరీలో పొయ్యి మీంచి వేడివేడిగా తెచ్చిన 'అంబుల్ పై' ఎంతో బాగుందని రాసుకున్నాడు. అణకువ అనే అర్థమున్న 'హంబుల్' శబ్దంలో దగ్గరగా ఉండటంతో 19వ శతాబ్దంలో నానుడి పుట్టింది. ప్రతి మెట్టూ కాగితం మీద కనిపిస్తుంది. పిట్టకూ వంటకానికీ మధ్య అలాంటి మెట్టు ఒక్కటి చూపించండి, నేను మీ వైపే.

చలిఊరు:
నేను ఇంగ్లండులో ఉంటాను. ఇక్కడి మెల్టన్ మౌబ్రే పోర్క్ పైని ఇప్పటికీ అచ్చు లేకుండా, పిండితోనే గోడలు కట్టి కాలుస్తారు. మధ్యయుగపు వంటల్లో ఆ పిండి గోడల పేరు కాఫిన్. గ్రీకులో బుట్ట అని అర్థం. శవపేటిక అనే అర్థం ఆ మాటకు తర్వాత వచ్చిందే. పిండికి బుట్ట పేరు పెట్టినవాళ్లు, లోపలి కలగాపులగానికి పిట్ట పేరు పెట్టి ఉండరా అనిపిస్తుంది నాకు.

పాతరొట్టె:
నేను చెప్పాలనుకున్నదీ అదే. మెట్టు చూపించలేను, నిజమే. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ఈ కథను అవకాశంగానే చూస్తుంది. కానీ ఫ్రెంచిలో 'పై' అంటే పిట్ట ఒక్కటే, వంటకానికి ఆ పేరు లేదు. కాబట్టి వెతకాల్సింది ఇంగ్లండులోనే, వంటకానికి ఈ పేరు మొదట కనిపించే 1300 ప్రాంతపు మఠాల వంటింటి లెక్కల్లో.