వంటింట్లో చిన్న బొద్దింకలు, పైడితల్లమ్మ సిరిమాను జాతరకి చుట్టాలొస్తున్నారు. మీ ఇంట్లో ఏం చేస్తే పోయాయి?

కోట_వెనకిల్లు:
మాది విజయనగరం, కోట వెనక పాత డాబా ఇల్లు, కింద పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. వానలు మొదలైన దగ్గర్నుంచి వంటింట్లో చిన్న బొద్దింకలు. రాత్రి లైటేస్తే చాలు, గట్టు మీద నుంచి చెదిరిపోతాయి. మొన్న పొద్దున డికాక్షన్ వేద్దామని ఫిల్టర్ మూత తీస్తే లోపల్నుంచి ఒకటి బయటికి పరిగెత్తింది, ఆ రోజు కాఫీ మానేశాను. స్ప్రే డబ్బాలు రెండు ఖాళీ చేశాం. కొట్టిన రోజు పదో పదిహేనో వెల్లకిలా పడుంటాయి, మూడో రోజుకి మళ్లీ మామూలే, పైగా ఇప్పుడు హాల్లో టీవీ వెనక కూడా కనిపిస్తున్నాయి. సిరిమానుకి మా ఆడపడుచు వాళ్లు, అత్తగారి వైపు వాళ్లు కలిపి పదిమంది దిగుతారు, నాలుగు వారాలే ఉంది. ఇంట్లో రెండేళ్ల బాబున్నాడు, ఏది కనబడితే అది నోట్లో పెట్టుకునే వయసు. ఎక్కడో చదివింది కాదు, మీరు చేసి చూసిందే చెప్పండి.

ఏడురోడ్ల_కుర్రోడు:
అక్కా, శ్రీకాకుళంలో మా బ్యాచిలర్ రూమ్‌లో లక్ష్మణరేఖ అని అమ్మే బొద్దింకల మందు సుద్దముక్కతో గుమ్మం చుట్టూ, గట్టు చుట్టూ గీతలు గీశాం. గీత దాటిన సీతమ్మే కష్టపడింది గాని మా బొద్దింకలకి ఏమీ కాలేదు. మేమే రూమ్ మారిపోయాం.

అరసవల్లి_బైపీసీ:
ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో చూసుకోండి, మందు దాన్నిబట్టే ఉంటుంది. ఇంటర్‌లో జువాలజీ చదివినవాళ్లకి గుర్తుండాలి, పెరిప్లానెటా అమెరికానా అని బొమ్మ వేసి భాగాలు గుర్తించమనేవారు. అది పెద్దది, ఎర్రగా ఉంటుంది, కాలవల్లోంచి, బాత్రూమ్ తూముల్లోంచి వస్తుంది. మీరు చెప్పేది జర్మన్ బొద్దింకలా ఉంది. అరంగుళం ఉంటుంది, లేత గోధుమరంగు, తల వెనక రెండు నల్ల చారలు. ఇది బయట నుంచి వచ్చిపోయే రకం కాదు, ఇంట్లోనే కాపురం పెడుతుంది.

ఆడది గుడ్ల సంచిని పొదిగే దాకా తోక దగ్గరే మోసుకు తిరుగుతుంది, ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లు. పిల్లలు రెండు నెలల్లో పెద్దవైపోతాయి. మీరు స్ప్రే కొట్టి పదిహేను చంపారు సరే, సందుల్లో ఉన్న తల్లుల లెక్క వేసుకోండి. ఇంకో సంగతి, ఆ స్ప్రే వాసనకి బెదిరి ఉన్నచోటు వదిలేసి కొత్తచోటు వెతుక్కుంటాయి. టీవీ వెనక్కి ఎలా వెళ్లాయంటే మీరే తోలారు, ఏమీ అనుకోకండి. సెట్‌టాప్ బాక్సు, వైఫై డబ్బా, ఫ్రిజ్ మోటారు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి కదా, వాటికి అదే కావాలి.

మధ్యలో తెల్లటి బొద్దింక కనబడితే కొత్త రకం వచ్చిందని టెన్షన్ పడకండి. కుబుసం అప్పుడే విడిచింది అలా ఉంటుంది, కొన్ని గంటల్లో రంగు తిరుగుతుంది.

బొబ్బిలి_బామ్మ:
మా కాలంలో బోరిక్ పౌడరు, అదే పిల్లలు క్యారంబోర్డు మీద చల్లుకునేది, అంత గోధుమపిండి, అంత పంచదార వేసి పాలతో కలిపి ఉండలు చేసి అలమార వెనక పెట్టేవాళ్లం. బాగా పనిచేసింది. తిన్న వెంటనే చావవు, కొన్ని రోజులు పడుతుంది, జనం అదే చూసి పనిచెయ్యలేదని పారేస్తారు. కానీ తల్లీ, నీ ఇంట్లో రెండేళ్ల పిల్లాడున్నాడు. ఆ ఉండలు చూడటానికి సున్నుండల్లాగే ఉంటాయి. నువ్వు మాత్రం పెట్టకు.

పలాస_జీడి:
అట్టపెట్టెలు చూసుకోండి మేడమ్. మా ఇంట్లో జీడిపప్పు ప్యాకింగ్ పని, ఖాళీ అట్టపెట్టెలు మెట్ల కింద గుట్టగా ఉండేవి. 2018లో తిత్లీ తుపాను తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు, వాడింది వాడినట్టు, తడిసింది తడిసినట్టు అలాగే పడుంది. కరెంటు వచ్చాక మెట్ల కింద బల్బు వేస్తే గోడ కదులుతున్నట్టు కనబడింది, నిజంగా చెప్తున్నాను, గోడ కదిలినట్టే. ఒక్కో అట్ట మడత విప్పితే అందులో వరసగా కూర్చునున్నాయి, ఆ అట్టలకి వేసే జిగురు కూడా తింటాయట. అన్నీ పెరట్లో పెట్టి కాల్చేశాం. సగం పీడ ఆ రోజే పోయింది. అప్పట్నుంచి మా ఇంట్లోకి అట్టపెట్టె వస్తే సరుకు గుమ్మం దగ్గరే తీసుకుని పెట్టె బయటే వదిలేస్తాం.

కోట_వెనకిల్లు:
అయ్యబాబోయ్, మా ఇంట్లో మిక్సీ పెట్టె, కుక్కర్ పెట్టె, ఫ్యాన్ పెట్టె అన్నీ అటక మీద ఉన్నాయి, ఇల్లు మారినప్పుడు పనికొస్తాయని మా ఆయన దాచారు. ఈ ఆదివారం దించేస్తాను. మరి మందు ఏం పెట్టను? కర్పూరం, బిర్యానీ ఆకు, లవంగాలు అని మా అత్తగారు ఫోన్లో చెప్పారు.

ఏడురోడ్ల_కుర్రోడు:
బిర్యానీ ఆకు వేశాక బియ్యం కూడా వెయ్యాలి కదక్కా.

రాజాం_కిరాణా:
నాది కొట్టు, బెల్లం, పిండి, నూనె మధ్య బతుకు, కాబట్టి ఈ విషయంలో నా మాట వినొచ్చు. వాసన వస్తువులకి పక్క అరలోకి జరుగుతాయి, అంతే. ఆకులు పెట్టిన డబ్బాలోనే నాకు రెండు దొరికాయి.

జెల్ వాడండి. సిరంజిలాంటి ట్యూబులో వస్తుంది, పురుగుమందుల కొట్లోనూ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. పెట్టె మీద ఫిప్రోనిల్ 0.05 శాతం అని గాని, ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం అని గాని ఉంటుంది. రెండోది మన రైతులు వరిలో సుడిదోమకి కొట్టే మందే. దీని గొప్పతనం ఏటంటే, తిన్నది అక్కడికక్కడ చావదు, గూటికి వెళ్లి చస్తుంది. దాని రెట్ట, దాని శవం మిగతావి తింటాయి, వాటికీ ఎక్కుతుంది. వాటి అలవాటే వాటికి ఉరి.

ఆవగింజ కన్నా కాస్త పెద్ద చుక్క చాలు. పెద్ద ముద్ద ఒకచోట పెట్టడం కన్నా చిన్న చుక్కలు ఎక్కువచోట్ల పెట్టాలి. అలమార తలుపుల బందుల లోపలి వైపు, సింకు కింద పైపు గోడలోకి వెళ్లేచోట, ఫ్రిజ్ వెనక కింద, గ్యాస్ గట్టు అడుగున. మీ బాబు చెయ్యి అందే ఎత్తులో ఒక్క చుక్క కూడా వద్దు, ట్యూబు కూడా తాళంలో పెట్టండి. అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను, జెల్ పెట్టాక స్ప్రే కొట్టకూడదు, ఆ చుట్టుపక్కల ఫినాయిలు పూయకూడదు. వాసన తగిలితే జెల్ ముట్టవు. నా దగ్గర పనిచెయ్యలేదని వచ్చినవాళ్లని అడిగితే సగంమంది రెండూ చేసినవాళ్లే.

అరసవల్లి_బైపీసీ:
ఇంకోటి కలుపుతాను. రాత్రి పడుకునే ముందు సింకు గుడ్డతో పొడిగా తుడవండి, తడి మసిగుడ్డ గట్టు మీద వదలకండి, కారే కొళాయికి వాషర్ వేయించండి. తిండి లేకపోయినా వారాలు బతుకుతాయి గాని నీళ్లు లేకుండా అన్ని రోజులు ఉండలేవు. మన ఆడవాళ్లు గట్టు అద్దంలా తుడుస్తారు, ఎంగిలి గిన్నెలు మాత్రం నీళ్లు పోసి సింకులో పొద్దుటిదాకా నానబెడతారు. మా ఇంట్లోనూ అంతే, గిన్నెలు రాత్రే తోమే డ్యూటీ ఇప్పుడు నాది.

బాలాజీజంక్షన్_ఫ్లాట్:
మేం డబ్బులు పోసి మనుషుల్ని పిలిపించాం. వచ్చినాయన పావుగంటలో ఇల్లంతా పిచికారీ చేసి వెళ్లిపోయాడు, ఆ రాత్రి మా చిన్నదానికి ఆయాసం, పిల్లికూతలు. డాక్టరుగారు ఏమన్నారంటే, మందు ఘాటు ఒక ఎత్తు, అసలు బొద్దింకల రెట్ట, రాలిన పొట్టు కూడా ఉబ్బసం ఉన్న పిల్లలకి పడవట. కాబట్టి చంపితే సరిపోదు, అరల్లో ఆ మిరియాల పొడిలా కనిపించేదంతా తడిగుడ్డతో తుడవాలి. చీపురుతో ఊడిస్తే లేచి గాల్లో కలుస్తుంది. జెల్ చుక్కలున్న చోటు తప్పించి తుడవండి. ఇంకా మా ఫ్లాట్లో పోయాయి అనుకునేలోపు పక్క ఫ్లాట్ నుంచి పైపుల సందులోంచి వచ్చేశాయి. ఆ కన్నాలకి తెల్ల సిమెంటు పెట్టించాకే తగ్గాయి. మీ పై పోర్షన్ వాళ్లతో మాట్లాడారా?

కోట_వెనకిల్లు:
పైన ఇంటాయన వాళ్లే ఉంటారు. "మాకు ఒక్కటీ లేవమ్మా, మీతోనే వచ్చాయి" అన్నారు. వాళ్ల మెట్ల మీద చూశాను నేను. సరే, సింకు కింద కన్నం మేమే మూయించుకుంటాం.

కోట_వెనకిల్లు:
పది రోజులైంది, చెప్పింది చెప్పినట్టు చేశాను. అటక మీది పెట్టెలు పోయాయి, ఫ్యాన్ పెట్టె దగ్గర మా ఆయన ముఖం చూడాల్సింది. జెల్ ముప్పై చుక్కల దాకా పెట్టాను. మూడో రోజు నుంచి పట్టపగలే బయటికొచ్చి తూలుతూ తిరుగుతున్నాయి, ఇంతకుముందు పగలు కనిపించేవి కావు. ఎక్కువయ్యాయేమో అని భయమేస్తోంది. స్ప్రే చేతిలోకి తీసుకుని మళ్లీ లోపల పెట్టేశాను.

రాజాం_కిరాణా:
మంచిపని చేశారు, ముట్టుకోకండి. అవి మందు తిన్నవే, ఒళ్లు స్వాధీనంలో ఉండదు. చచ్చినవాటిని ఎప్పటికప్పుడు ఎత్తి పారేయండి, బాబు చేతికి అందకూడదు. చుక్కలు ఎక్కడ ఖాళీ అయ్యాయో చూడండి, అక్కడే గూడున్నట్టు, అక్కడ మళ్లీ పెట్టండి. ముట్టని చోట మళ్లీ దండగ.

కోట_వెనకిల్లు:
ఈరోజు తొలేళ్లు, రేపే సిరిమాను, ఇల్లంతా జనం, పెరట్లో కూర్చుని రాస్తున్నాను. మిక్సీ అడుగున పెట్టిన చుక్కలు మూడుసార్లు ఖాళీ అయ్యాయి, అక్కడుందన్నమాట అసలు కాపురం. వారం నుంచి రాత్రి రెండింటికి టార్చి వేసి చూస్తున్నాను, మొదటి రోజు లెక్కపెట్టడం మానేశాను, నిన్న రెండు పిల్లలు మాత్రమే, గుండుసూది తలంత. కొత్తగా పొదిగినవనుకుంటాను, ఇంకో ట్యూబు తెప్పించి ఉంచాను.

పొద్దున బాత్రూమ్‌లోంచి మా ఆడపడుచు కేక పెట్టింది. వెళ్లి చూస్తే పెద్దది, ఎర్రది, మీ ఇంటర్ పుస్తకంలోది! వాడని వెనక బాత్రూమ్ చుట్టాల కోసం తీశాం, తూములో నీళ్లు ఎండిపోయి ఉన్నాయి, దారి తెరుచుకుంది. దీనికి జెల్ కాదు కదా, ఏం చెయ్యను?

అరసవల్లి_బైపీసీ:
రోజూ ఒక చెంబు నీళ్లు ఆ తూములో పొయ్యండి, కింద వంపులో నీళ్లు నిలిస్తే రాలేదు. రాత్రిపూట జాలీ మీద మూత పెట్టండి. ఆడపడుచుగారికి మాత్రం ఇంటాయన మెట్ల మీంచి వచ్చిందని చెప్పండి.