కార్బ్యురేటర్ తీసేసి ఈఎఫ్ఐ (ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్) బిగించాను, మొదటిసారి సెల్ఫ్ కొట్టేముందు ఏం చూసుకోవాలి?

నాలుగు_బ్యారెళ్లు:
5.7 లీటర్ల వీ8. నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్ తీసేసి ఆ చోటే త్రాటిల్ బాడీ ఇంజెక్షన్ కిట్ కూర్చోబెట్టాను. ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటర్) త్రాటిల్ బాడీలోనే ఉంది, నడుస్తూ తనంతట తానే నేర్చుకునే రకం. పంపు ట్యాంకు బయట, ఛాసిస్‌కి బిగించాను. ఇగ్నిషన్‌కి కెపాసిటర్ డిశ్చార్జ్ (సీడీ) బాక్స్ ఉంది, టైమింగ్ ప్రస్తుతానికి డిస్ట్రిబ్యూటర్‌కే వదిలేశాను. వైర్లన్నీ కలిపాను, పెట్రోలు ఇంకా పోయలేదు. మాన్యువల్ చూస్తే ప్రశ్నలకు జవాబులిచ్చి తాళం తిప్పడమే అన్నట్టుంది. అంత తేలికా?

మీటర్_మెకానిక్:
పెట్రోలు పోయకముందే అడిగారు కాబట్టి ముందు కరెంటు సంగతి తేల్చేద్దాం. మొదటిసారి స్టార్ట్ కాని ఈఎఫ్ఐల్లో ఎక్కువ వాటికి జబ్బు ట్యూనింగ్‌లో ఉండదు, వైరింగ్‌లో ఉంటుంది.

ఈసీయూ మెయిన్ ప్లస్, మైనస్ రెండూ నేరుగా బ్యాటరీ టెర్మినళ్లకే వెళ్లాలి. స్టార్టర్ బోల్టు దగ్గర్నుంచో, ఆల్టర్నేటర్ దగ్గర్నుంచో తీసుకోవద్దు. బ్యాటరీ ఈసీయూకి అడ్డుగోడ లాంటిది, అక్కడ పుట్టే ఒడిదొడుకుల్ని అది మింగేస్తుంది.

తర్వాత తాళం మీద వచ్చే 12 వోల్టుల వైరు. చాలామంది రేడియో ఫ్యూజ్ దగ్గర్నుంచి లాగేస్తారు. తాళం ఆన్‌లో 12 చూపిస్తుంది, స్టార్ట్‌కి తిప్పగానే సున్నా. ఈసీయూ సరిగ్గా పని మొదలెట్టాల్సిన క్షణంలో ఆరిపోతుంది. పంపు ఫ్యూజ్ పీకి, ఇగ్నిషన్ బాక్స్‌కి కరెంటు తీసేసి, ఈ వైరు మీద మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 10 వోల్టుల కంటే తగ్గకూడదు. అదే ఊపులో మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజన్ బ్లాక్‌కి పెట్టి మళ్లీ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ పట్టీ కింద పెయింటో తుప్పో ఉన్నట్టే.

మీది సీడీ బాక్స్ కాబట్టి ఇది మాత్రం మరవొద్దు: ఆర్పీఎం సిగ్నల్ వైరు బాక్స్ మీది ట్యాకో అవుట్‌పుట్‌కే కలపాలి. కాయిల్ మైనస్‌కి కలిపారో, ఈసీయూ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ బాక్స్ కాయిల్‌కి పంపేది 12 కాదు, 400 వోల్టుల పైమాట.

ట్యాంకు_కింద:
నేను పెట్రోలు వైపు చెప్తాను. బయటి పంపు తోయడంలో గట్టిది, పీల్చడంలో చేతకానిది. ట్యాంకుకి వీలైనంత దగ్గరగా, పెట్రోలు మట్టం కంటే కిందగా ఉండాలి. పైన బిగిస్తే మొదట్లో నడుస్తుంది, పెట్రోలు వేడెక్కాక పీల్చే గొట్టంలో ఆవిరి బుడగలు పుట్టి కూత పెడుతుంది, ప్రెషర్ పడిపోతుంది. పంపుకి ముందు 100 మైక్రాన్ల ఫిల్టరు, తర్వాత 10 మైక్రాన్లది. తారుమారు చేస్తే సన్న ఫిల్టరు పంపు గొంతు నొక్కేస్తుంది.

కార్బ్యురేటర్ కాలం నాటి గొట్టం ఒక్క ముక్క కూడా ఉంచొద్దు. అది ఐదారు పీఎస్ఐ (ప్రెషర్ కొలత) కోసం వేసింది, ఇప్పుడు 43 నుంచి 58 దాకా వెళ్తుంది, కచ్చితమైన అంకె మీ కిట్ మాన్యువల్‌లో ఉంటుంది. గొట్టం మీద 30ఆర్9 (ఇంజెక్షన్ గొట్టాల ప్రమాణం) ముద్ర చూడండి. స్క్రూ క్లాంపుల పళ్లు రబ్బరును కోస్తాయి, అంచు నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లాంపులు వాడండి. రిటర్న్ లైను ట్యాంకులోకే వెళ్లాలి, నొక్కుకుపోకూడదు. అది ఇరుకైతే రెగ్యులేటర్ ఎంత తిప్పినా ప్రెషర్ దిగదు. ట్యాంకు వెంట్ (గాలి రంధ్రం) కూడా తెరిచి ఉండాలి.

పెట్రోలు పోశాక తాళం పదిసార్లు ఆన్-ఆఫ్ చేయొద్దు. కొన్ని ఈసీయూలు తాళం తిప్పిన ప్రతిసారీ కాస్త పెట్రోలు చిమ్ముతాయి, మానిఫోల్డ్ తడిసిపోతుంది. రిలే దగ్గర జంపర్ వేసి పంపు ఒక్కదాన్నే నడపండి. రిటర్న్ గొట్టం విప్పి డబ్బాలో పెట్టండి. గంటకి 255 లీటర్ల పంపైతే 30 సెకన్లలో లీటరున్నర దాకా రావాలి. తర్వాత తిరిగి బిగించి, గేజ్ చూస్తూ, ప్రతి జాయింటూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచుకోండి.

లాంబ్డా_ఒకటి:
ఆక్సిజన్ సెన్సర్ సంగతి. ఒక వైపున్న నాలుగు సిలిండర్ల పొగా కలిసిన చోటు దాటాక, సెన్సర్ మూతి కిందికి చూసేలా, అడ్డగీతకి కనీసం 10 డిగ్రీలు పైకి వాల్చి బిగించాలి. పైపు అడుగున పెడితే పైపులో పేరుకున్న నీళ్లు వేడి సిరామిక్ మీద పడి పగులుతుంది. దానికి కరెంటు ఇవ్వకుండా ఇంజన్ నడిపినా మసి పట్టి పాడవుతుంది.

సెన్సర్‌కి ముందు పొగ లీకు ఉంటే తప్పు లెక్క మొదలవుతుంది. పల్స్‌కీ పల్స్‌కీ మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, సెన్సర్ "గాలి ఎక్కువ" అంటుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది. ఇంజన్ నల్లపొగ కక్కుతుంటే తెర మీద అంకె మాత్రం బంగారంలా ఉంటుంది! పైగా అదే తప్పును నేర్చుకుని దాచుకుంటుంది. గాస్కెట్లు ముందే సరిచూడండి.

తెర మీద ప్రశ్నలడిగే విజార్డ్‌లో ఇంజన్ సైజు, సిలిండర్లు, క్యామ్ రకం నిజం చెప్పండి. క్యామ్ మామూలుదైతే గాలి-పెట్రోలు నిష్పత్తిని ఐడిలింగ్‌కి 13.8, నిలకడ వేగానికి 14.2, పూర్తి త్రాటిల్‌కి 12.7 దగ్గర పెట్టి మొదలుపెట్టొచ్చు.

నాలుగు_బ్యారెళ్లు:
అన్నీ చేశాను, ప్రెషర్ 58, లీకు లేదు. తాళం ఆన్‌లో తెర మీద: బ్యాటరీ 12.5, త్రాటిల్ 0, మ్యాప్ (మానిఫోల్డ్ ప్రెషర్, కిలోపాస్కళ్లలో) 99, గాలి ఉష్ణోగ్రత 31, కూలెంట్ మైనస్ 40. పంపు ఆపి సెల్ఫ్ కొడితే ఆర్పీఎం 0, 900, 0, 340 అని గంతులేస్తోంది.

మీటర్_మెకానిక్:
రెండు తప్పులున్నాయి, స్టార్ట్ చేయకండి.

కూలెంట్ మైనస్ 40 అంటే సెన్సర్ వైరు తెగిందనో, ప్లగ్ కూర్చోలేదనో అర్థం. చల్లారిన ఇంజన్‌లో అది గాలి ఉష్ణోగ్రతకి దగ్గరగా ఉండాలి. ఇలాగే కొడితే ఈసీయూ మంచుగడ్డ అనుకుని పెట్రోలు దంచేస్తుంది, ప్లగ్గులు తడుస్తాయి. మ్యాప్ 99 బాగుంది, సముద్రమట్టం దగ్గర 100 చుట్టూ ఉండాలి, 1000 మీటర్ల ఎత్తున 90.

ఆర్పీఎం గంతులు విద్యుత్ గోల. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 150 నుంచి 250 మధ్య నిలకడగా రావాలి. ట్యాకో వైరు ప్లగ్ వైర్ల పక్క నుంచి పోతోందేమో చూడండి, దూరంగా తిప్పండి, తప్పక దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. ప్లగ్ వైర్లు గట్టి లోహపు తీగవైతే తీసేసి స్పైరల్ కోర్‌వి వేయండి, ప్లగ్గులు రెసిస్టర్ రకమై ఉండాలి.

లాంబ్డా_ఒకటి:
అవి సరిచేశాక కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ జోలికి పోవద్దు, ఇక్కడ తొక్కితే పెట్రోలు చిమ్మే పంపు లేదు. తడిసిపోతే మాత్రం పెడల్ నేలకి ఆనించి కొట్టండి, అప్పుడు చాలా ఈసీయూలు ఇంజెక్టర్లు మూసేస్తాయి. స్టార్ట్ అయ్యాక 70 డిగ్రీలు దాటనివ్వండి. అప్పుడు ఐఏసీ (ఐడిలింగ్ గాలి వాల్వు) ఎంత శాతం తెరిచుందో చూడండి. న్యూట్రల్‌లో 2 నుంచి 10 మధ్య ఉండాలి. ఎక్కువుంటే త్రాటిల్ స్క్రూ కొంచెం లోపలికి, సున్నా అయితే బయటికి, పావు తిప్పు చొప్పున. స్క్రూ కదిలినప్పుడల్లా ఇంజన్ ఆపి, తాళం తీసి మళ్లీ పెట్టండి. లేకపోతే ఈసీయూ పాత సున్నానే పట్టుకుని, మీరింకా యాక్సిలరేటర్ తొక్కుతున్నారనుకుని ఐడిలింగ్‌ని సరిచేయడమే మానేస్తుంది.