సాయంత్రమైతే పాప వదలకుండా పాలు తాగుతోంది, నా పాలు చాలట్లేదా?

కొత్తమ్మ:
పాపకి రెండు వారాలు. పగలు ఫర్వాలేదు గానీ, సాయంత్రమైతే కాసేపు తాగుతుంది, ఒళ్లోనే కునుకు తీస్తుంది, పక్కలో వెయ్యగానే కళ్లు తెరిచి నోరు అటూ ఇటూ తిప్పుతూ మళ్లీ వెతుక్కుంటుంది. అర్ధరాత్రి దాకా ఇదే వరస. ఆ టైంలో రొమ్ములు మెత్తగా అయిపోతున్నాయి. "నీకు పాలు లేవు, డబ్బా పాలు పట్టు" అని ఇంట్లో అందరూ ఒకటే మాట. మీకెవరికైనా ఇలా అయిందా?

ఇద్దరు పిల్లల తల్లి:
ఇలా అవ్వనివాళ్లు ఎవరున్నారో చూపించండి ముందు! 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగడం ఈ వయసులో మామూలే, కాకపోతే గడియారం పెట్టినట్టు రెండు గంటలకోసారి అడగరు, సాయంత్రం పూట అన్నీ కలిపి వరసగా తాగేస్తారు, దీన్నే క్లస్టర్ ఫీడింగ్ అంటారు. రొమ్ము మెత్తబడితే పాలు అయిపోయినట్టు కాదమ్మా, ఖాళీ అయినకొద్దీ ఇంకా త్వరగా ఊరతాయి. రోజూ ఆ పూట డబ్బా పట్టారంటే పాప తాగేది తగ్గుతుంది, దాంతో ఊరేదీ తగ్గుతుంది. డైపర్లు ఎన్ని తడుస్తున్నాయి, బరువు ఎలా ఉంది, అవి చెప్పండి.

కొత్తమ్మ:
డైపర్లు ఏడెనిమిది తడుస్తున్నాయి అక్కా, దొడ్డికి పసుపుపచ్చగా వెళ్తోంది. బరువు పుట్టినప్పటి కంటే పెరిగింది. కానీ పంపుతో తీస్తే సీసా అడుగున కాసినే వచ్చాయి, అందుకే టెన్షన్.

వార్డు నర్సు:
పంపులో వచ్చిన పాలు చూసి లెక్క వెయ్యకండి, బిడ్డ లాగినట్టు పంపు లాగలేదు, పైగా టెన్షన్‌లో ఉంటే పాలు సరిగా చేపవు. అయిదో రోజు దాటాక రోజుకి కనీసం ఆరు డైపర్లు బాగా తడవాలి, మొదట్లో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. మీకు రెండూ బాగానే ఉన్నాయి. ఏడ్చేదాకా ఆగకుండా, చేతులు నోట్లో పెట్టుకుంటున్నప్పుడే పట్టండి, బాగా ఏడుస్తున్న బిడ్డ రొమ్ము సరిగా పట్టుకోదు.

నైట్ డ్యూటీ నాన్న:
నిద్ర సంగతి నేను చెప్తా. ఈ వయసులో రోజుకి 14 నుంచి 17 గంటలు పడుకుంటారట, వింటే హాయిగా ఉంటుంది గానీ అంతా ముక్కలు ముక్కలే. పగలూ రాత్రీ తేడా తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఇంకోటి, నిద్రలోనే మూలుగుతారు, మొహం చిట్లిస్తారు, కాళ్లు తన్నుకుంటారు, లేచారేమో అనుకుని ఎత్తుకోకండి, కాస్త ఆగితే చాలాసార్లు మళ్లీ పడుకుంటారు. మా ఇంట్లో పాలు తాగాక తేన్పు తెప్పించడం, డైపర్ మార్చడం నా పని, లైటు వెయ్యకుండానే కానిచ్చేస్తా. సోఫాలో పాలిస్తూ మాత్రం నిద్రపోవద్దు, అది ప్రమాదం. పాపని ఎప్పుడూ గట్టి పరుపు మీద వెల్లకిలా, దిండు లేకుండా పడుకోబెట్టండి.

బుజ్జిగాడి అమ్మ:
అందరికీ 'మామూలే' అని చెప్పేయకండి దయచేసి. మావాడు దీనికి పూర్తిగా రివర్స్, పాలకి లేచేవాడే కాదు, అందరూ "బంగారం లాంటి బిడ్డ" అని మురిసిపోయారు, చూపిస్తే కామెర్లు, బరువు కూడా బాగా తగ్గాడు. రెండు మూడు గంటలకోసారి లేపి తాగించమన్నారు, అరికాళ్లు రుద్ది, బట్టలు వదులు చేసి లేపేదాన్ని. డాక్టర్ చెప్పారని కొన్నాళ్లు డబ్బా పాలు కూడా పట్టాం, అదేం తప్పు కాదు. పుట్టిన బరువుకి వచ్చేదాకా ఎక్కువ నిద్రపోయే బిడ్డనే కనిపెట్టుకుని ఉండాలి.

వార్డు నర్సు:
నూటికి నూరు పాళ్లు నిజం. తడి డైపర్లు తగ్గినా, బిడ్డ మందకొడిగా ఉన్నా, జ్వరం 100.4 ఫారన్‌హీట్ తాకినా ఇక్కడ అడుగుతూ కూర్చోకుండా ఆ రోజే చూపించండి.

కొత్తమ్మ:
థాంక్స్ అందరికీ. మధ్యలో నీళ్లు పట్టమంటున్నారు, పట్టొచ్చా? చనుమొనలు కూడా మండుతున్నాయి, ఇన్నిసార్లు ఇస్తున్నందుకేనా?

ఇద్దరు పిల్లల తల్లి:
నీళ్లు వద్దే వద్దు, ఆరు నెలల దాకా పాలే. మంట ఎన్నిసార్లు ఇచ్చారన్నదాని వల్ల కంటే పట్టు సరిగా లేకే వస్తుంది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్లాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. లేకపోతే మీ చిటికెన వేలు నోటి పక్కనుంచి పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే, పాలివ్వడం తెలిసిన నర్సు ఎదురుగా ఒకసారి పట్టి చూపించండి.