అద్దె ఒక్కసారే 5,000 పెంచారు, లేదంటే వారంలో ఖాళీ చేయమంటున్నారు (నెల్లూరు)

ప్రశ్న: మాగుంట లేఅవుట్‌లో కింది పోర్షన్‌లో ఉంటున్నాం. 11 నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, మళ్లీ రాసుకోలేదు. అద్దె మాత్రం నెలనెలా ఫోన్‌పే చేస్తున్నాను. ఇప్పుడు 9,000 కాస్తా 14,000 అంటున్నారు ఓనరు. కుదరకపోతే వారంలో ఖాళీ చేయాలట. నిన్న మోటారు స్విచ్ ఉన్న గదికి తాళం వేశారు. పాపకి పరీక్షలు, ఒకటే టెన్షన్. రెంట్ కంట్రోల్ చట్టం మాకు పనికొస్తుందా?

జవాబు: అక్కా, దాని మీద ఆశ పెట్టుకోకండి. 1960 నాటి ఆ చట్టాన్ని 2005లో సవరించినప్పుడే, కార్పొరేషన్ ఊళ్లలో అద్దె 3,500 దాటిన ఇళ్లను బయట పెట్టేశారు. తర్వాత 2017లో రాష్ట్రం వేరే అద్దె చట్టం చేసింది. కాబట్టి అద్దె ఇంతకు మించకూడదని వాదించి లాభం లేదు. మీకు పనికొచ్చేది ఇంకొకటుంది. గడువు అయ్యాక కూడా ఆయన అద్దె తీసుకుంటున్నారు కదా, అంటే నెలవారీ అద్దెకి ఉన్నట్టే లెక్క. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటి మాటతో వారం గడువంటే చెల్లదు. నోటీసు గడువు దాటినా మీరు కదలకపోతే ఆయన కోర్టుకే వెళ్లాలి, సామాను బయట వేయడానికి లేదు.

మరో జవాబు: నేనూ ఓనర్నే, బాలాజీ నగర్‌లో. తాళం వేయడం మాత్రం తప్పే. ఆస్పత్రుల వాళ్లు ఎక్కువిచ్చి దిగుతామంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, ఆ మాటా నిజమే. కోర్టు దాకా పోతే మార్కెట్ రేటు ప్రకారం నష్టపరిహారం అడుగుతారని కూడా గుర్తుంచుకోండి. పరీక్షలయ్యేదాకా 10,500 ఇస్తామని అడిగి చూడండి, ఒప్పుకుంటే తేదీతో సహా కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు: ఈ నెల 9,000 పంపితే వెనక్కి కొట్టేశారు. ఆపేయమంటారా?

మొదటి జవాబు ఇచ్చినవారు: అస్సలు ఆపొద్దు. బకాయి పడ్డారంటే కేసు ఆయన చేతికి మీరే ఇచ్చినట్టు. మళ్లీ బ్యాంకు ఖాతాకే పంపండి, ‘ఫలానా నెల అద్దె’ అని రాయండి. అదీ వెనక్కొస్తే స్క్రీన్‌షాట్లు దాచి, మనియార్డరు చేయండి. మోటారు గది తాళం ఫోటో తేదీ పడేలా తీయండి. బలవంతంగా వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేయమని అడగొచ్చు. స్టేషన్‌కి పోతే సివిల్ గొడవంటారేమో, అయినా రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇంకొకరు: అడ్వాన్సు ఎంత కట్టారు? కేంద్రం 2021లో తెచ్చిన నమూనా చట్టంలో ఇళ్లకు రెండు నెలల అద్దే పరిమితి, కానీ రాష్ట్రం చట్టంగా తెస్తేనే అది పనిచేస్తుంది. ఖాళీ చేసే ముందే సున్నానికి ఎంత పట్టుకుంటారో తేల్చుకోండి, తాళాలిచ్చేశాక అడిగితే ఫోన్ ఎత్తరు.