అప్‌డేట్: టూరింగ్ బండికి మ్యాట్ నలుపు తీసుకున్నాక

దూర ప్రయాణాల బైకుకు మెరుపు లేని మ్యాట్ నలుపు మంచిదా, మెరిసే గ్లాసీ రంగు మంచిదా అని ఎండాకాలానికి ముందు మిమ్మల్ని అడిగాను. ఎక్కువ మంది గ్లాసీ వైపే మొగ్గినా నేను వినకుండా మ్యాట్ నలుపే తీసుకున్నాను. హనుమకొండ నుండి ములుగు, ఏటూరునాగారం వైపు 163వ జాతీయ రహదారిపై పలుమార్లు తిరిగిన తరువాత, మీ మాటే నిజమని ఒప్పుకోక తప్పడం లేదు.

బండిపై పేరుకున్న దుమ్ము కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది ట్యాంకుపై మోకాళ్లు తగిలే చోటు. మ్యాట్ రంగుకు ఆ మసక రూపం పైపూతలోని అతి సన్నని గరుకుదనం వల్ల వస్తుంది. దానిపై పడిన వెలుగు ఒకే వైపు తిరిగి రాకుండా చెదిరిపోతుంది. ప్యాంటు రాసుకుని రాసుకుని ఆ గరుకు అరిగిపోవడంతో, అక్కడ మాత్రమే నున్నగా మెరిసే మచ్చలు ఏర్పడ్డాయి. గ్లాసీ రంగుపై సన్నని గీత పడితే పైపూతను పలుచగా అరగదీసి పాలిష్ చేయవచ్చు గానీ, మ్యాట్‌పై అదే పని చేస్తే మచ్చ ఇంకా పెద్దదవుతుంది. ఈ సంగతి తెలియని వాషింగ్ సెంటర్ కుర్రవాడు ఎంతో శ్రద్ధగా పాలిష్ పట్టించి ఇచ్చాడు, అతణ్ణి ఏమనగలను?

పైగా రంగు నలుపు కావడంతో, మే నెల మధ్యాహ్నం కాజీపేటలో అరగంట ఎండలో నిలిపితే ట్యాంకుపై చేయి పెట్టలేకపోయాను.

ప్రస్తుతానికి ట్యాంకుకు మ్యాట్ రకం పారదర్శక ఫిల్ము వేయించి, మైనం లేని షాంపూతో మెత్తని గుడ్డ పెట్టి కడుగుతున్నాను. మా బావమరిది మాత్రం నా ట్యాంకు చూసి, తెలుపు గ్లాసీ రంగు బండి బుక్ చేసుకున్నాడు.